గుప్పెడు అతిమధురం

నర్సీపట్నం,
2-5-1978.

తమ్ముడు లోవరాజుకి మన్మథరావు రాస్తున్నది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం లేదు. ఇక్కడ కుశలమే. అక్కడ నువ్వు మూతి ముడుచుకుని కూర్చున్నావని మీ వదిన రాజులమ్మ చెప్పింది. శ్రీరామనవమి వెళ్ళి పదహారు రోజులైంది. అక్కని నేనూ చెల్లెల్ని నువ్వూ చేసుకుని ఒకే గుమ్మంలో అల్లుళ్ళమయ్యాం. మనిద్దరం మాటలు మానుకుంటే పాపం గొలుగొండలో అత్త రెండు పంక్తులు వడ్డించుకోవాలి.

ఇంతకీ జరిగిందేమిటి? నువ్వు రాజు, నేను ద్వారపాలకుణ్ణి. గొలుగొండలో దక్షిణామూర్తి మాస్టారు రాసిన నవమి నాటకంలో నాకు ఏటా దక్కేవి మూడే ముక్కలు. ‘చిత్తం’, ‘తమ ఆజ్ఞ’, ‘వచ్చుచున్నారు ప్రభూ’. నువ్వు పద్యం ఎత్తి రాగం తీస్తే, అది ముగిసేలోగా మనిషి తాండవ నది దాటి తునిలో సినిమా చూసి తిరిగి రావచ్చు. బల్లెం పట్టుకుని నిలబడ్డవాణ్ణి, కన్ను మూతపడింది. గురక వచ్చింది. మైకు నా నోటి దగ్గర ఉండటం మైకువాడి తప్పు. జనం నవ్వడం జనం తప్పు. నా తప్పెక్కడుందో నువ్వే వెతికి చెప్పు, నువ్వు స్కూలు మాస్టారివి కదా.

అయినా నీకేం తక్కువైంది? మూడు వన్స్‌మోర్లు పడ్డాయి. అత్త ఊరందరి ముందూ ఏమందో నీకు గుర్తుండే ఉంటుంది, నేను మర్చిపోదామన్నా పోవడం లేదు. “నా సినల్లుడి గొంతులో తేనుందమ్మా! పెద్దోడికేటుంది, గాలికొట్టే పంపు” అంది. సైకిలు షాపు పెట్టుకున్న పాపానికి నా గొంతు పంపైపోయింది.

సరే. ఒక చిన్న సంగతి. మా షాపుకి వచ్చే ఒకాయనకి పద్యాలంటే పిచ్చి. ‘మీ తోడల్లుడు గొంతుకి ఏం వాడతారో కనుక్కోండి’ అని ప్రాణం తీస్తున్నాడు. నాకైతే అక్కర్లేదు. ఆయన కోసం రాయి.

మన్మథరావు.


పాయకరావుపేట,
11-5-1978.

పూజ్యులైన అన్నయ్యగారికి లోవరాజు నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. అందులో క్షమాపణ ఉందేమోనని రెండుసార్లు చదివాను. కనిపించలేదు. మీ మరదలు సీతాలు కూడా వెతికింది. వెతుకుతూ మధ్యలో నవ్వింది. అది నాకు ఇంకా బాధ కలిగించింది.

మీకు నిద్ర రాలేదని నాకు తెలుసు, మీకూ తెలుసు. నేను మూడో పాదం చివర ఊపిరి తీసుకునే చోటు చూసి మరీ గురక పెట్టారు. నిద్రపోయేవాడికి పద్యంలో విరుపులు తెలియవు.

పోనివ్వండి. మీ షాపుకి వచ్చే ఆయన అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా గొంతుకి కారణం అతిమధురం వేరు. మూలికల కొట్టులో దొరుకుతుంది. తీపిగా ఉంటుంది. నాటకాల వాళ్ళు ఆట రోజున ఒక చిన్న పుల్ల నములుతారు, అది అందరికీ తెలిసిందే. నా పద్ధతి వేరు. ప్రతిరోజూ గుప్పెడు వేరు నలగ్గొట్టి, కషాయం కాచి పరగడుపున తాగుతాను. పగలంతా ఒక ముక్క బుగ్గన ఉండాల్సిందే. ఏడాదిపాటు ఒక్క రోజు కూడా మానకూడదు. అప్పుడు గొంతు దానంతటదే తెరుచుకుంటుంది.

ఆయనకి ఓపిక ఉంటే చేయమనండి. మీకు ఎలాగూ అక్కర్లేదు కదా.

వదినగారికి నమస్కారాలు.

లోవరాజు.


నర్సీపట్నం,
20-8-1978.

తమ్ముడు లోవరాజుకి,

ఆ వేరు సంగతి ఆయనకి చెప్పాను. రెండు రోజులు వాడి మానేశాడు. మిగిలింది మా మేకకి వేశాను. మేక గొంతు బాగుపడింది. నాకు మాత్రం దాని వాసనే పడదు.

ఇప్పుడు రాసేది వేరే విషయం. సీతాలుకి చదివి వినిపించకు, బెంగపెట్టుకుంటుంది.

నా గుండె తప్పుతోంది. నవ్వకు. ఫ్రీవీలు పళ్ళు అరిగిపోయిన సైకిలు ఎప్పుడైనా తొక్కావా? అంతా బాగానే పోతూ పోతూ, ఉన్నట్టుండి పెడలు గుబుక్కున జారుతుంది. కాలు గాల్లో ఉంటుంది. ఆ వెంటనే టపీమని పట్టుకుంటుంది. సరిగ్గా అలాగే. మూడు కొట్టుకుంటుంది, నాలుగోది మింగేస్తుంది, అయిదోది గుద్దుతుంది. మింగేసిన ఆ క్షణంలో, లోవరాజూ, నేనెవరికి ఏం బాకీ ఉన్నానో కూడా గుర్తురాదు. మళ్ళీ కొట్టుకుందంటే ప్రాణం లేచొస్తుంది.

మొదట టీ అనుకున్నాను. రోజుకి పన్నెండు తాగేవాణ్ణి, రెండుకి దించాను. చక్కెర లేకుండా తాగుతున్నా నోరు తీపిగానే ఉంటోంది. తర్వాత చుట్ట అనుకున్నాను. మానేశాను. చుట్ట లేకుండా నేనెలా ఉంటానో మీ వదినని అడుగు. “ఆ గుండి ఆగితే ఆగింది, ముందు నువ్వు సుట్ట కాల్సుకో బాబూ, నీ నోటికి నేను సచ్చిపోతన్నాను” అంటోంది.

షాపు పక్కన చెరుకు తోట ఉంది కదా, దానికి ఎండ్రిన్ పురుగుమందు కొడుతున్నారు. ఆ వాసన అనుకున్నాను. కొట్టే రోజుల్లో షాపు మూసేశాను. అయినా తప్పుతూనే ఉంది. కాళ్ళు కూడా బరువుగా ఉంటున్నాయి, సాయంత్రానికి పాదాలు పొంగుతున్నాయి.

ఇక్కడి డాక్టరు సోమయాజులుగారు రక్తపోటు ఎక్కువైందన్నారు. ఉప్పు తగ్గించి, విశాఖపట్నం వెళ్ళి కార్డియోగ్రాం తీయించుకోమన్నారు. నేను వెళ్ళను. పంచరు ఎక్కడుందో నీళ్ళ తొట్టిలో ముంచి చూసేవాణ్ణి నేను. నా పంచరు నేను పట్టుకోలేనా?

మన్మథరావు.


పాయకరావుపేట,
3-9-1978.

అన్నయ్యగారికి నమస్కారాలు.

మీరు వద్దన్నా సీతాలు చదివింది. ఉత్తరం నా చేతిలోంచి లాక్కుంది. ఏడ్చింది. తలుపులమ్మ లోవకి వెళ్ళి మీ పేరున మొక్కుకుని వచ్చింది. నా పేరే ఆ కొండలోంచి వచ్చింది కానీ, పన్నెండేళ్ళ కాపురంలో నాకోసం ఒక్కసారి ఆ మెట్లెక్కలేదు. కిందటేడు నాకు పచ్చకామెర్లు వచ్చినప్పుడు కూడా “తగ్గిపోద్దిలెండి” అంది. మా ఇంట్లో పది రోజులుగా మీ గుండె తప్ప మాట లేదు. ఇంత మునగాకు ఎండబెట్టి మూట కట్టింది. దీనితోపాటు పంపిస్తున్నాను. రక్తం పడుతుందట.

మీరు విశాఖపట్నం తప్పక వెళ్ళాలి. పంచరు వెతకడానికి గుండెని తొట్టిలో ముంచలేరు.

ఒక ప్రశ్న. నేను రాసిన ఆ వేరు మీరుగాని వాడటం లేదు కదా? ఊరికే అడిగాను. ఏ సంగతీ వెంటనే రాయండి.

లోవరాజు.


గొలుగొండ,
5-11-1978.

తమ్ముడికి,

ఉత్తరం ఎక్కడి నుంచి వస్తోందో పైన చూసుకున్నావా? అవును. పది రోజులుగా అత్తగారింట్లో ఉన్నాను. నీకు కడుపు మండుతుందని ఈ ముక్క పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

నీ ప్రశ్నకి జవాబు: వేరు మేకకి వేశానని రాశాను కదయ్యా. ఎన్నిసార్లు చెప్పాలి? నీ గొంతు నాకెందుకు?

అసలు సంగతి విను. అత్త వచ్చి నన్ను బస్సెక్కించి తీసుకొచ్చింది. “ఏటల్లుడా, ఇలా సిక్కిపోనావు? నా సేతి కూడు నాల్రోజులు తిను, బేగి తగ్గిపోద్ది” అంది. పొద్దున్న రెండు, సాయంత్రం రెండు కొబ్బరిబొండాలు. నీకు ఏనాడూ కొట్టించి ఇవ్వని ఆ నూతి దగ్గర చెట్టు కాయలే. మధ్యాహ్నం అరటిపళ్ళు. వీధరుగు మీద మంచం. వచ్చిన ప్రతివాడూ “బాబూ, గుండెలాగుంది?” అని అడగడం. నాటకంలో ఇరవై ఏళ్ళుగా ద్వారం దగ్గర నిలబడ్డవాణ్ణి, ఇప్పుడు సింహాసనం మీద పడుకున్నాను.

విచిత్రం ఏమిటంటే, ఇక్కడికొచ్చిన నాలుగో రోజు నుంచి గుండె తప్పడం తగ్గింది. నిన్నా ఇవాళా అయితే గడియారమే. కాళ్ళ వాపు తీసింది. దీన్ని బట్టి నాకు తెలిసిపోయింది. పంచరు దొరికింది. నర్సీపట్నం గాలి నాకు పడదు. షాపు బస్టాండుకి ఎదురు. చింతపల్లి కొండెక్కే బస్సులన్నీ నా ముఖం మీదే పొగ వదిలి పోతాయి. ఆ పొగే ఇదంతా చేసింది. షాపు అమ్మేసి ఇక్కడే స్థిరపడమని అత్త అంటోంది. “మగదిక్కు లేని కొంప, నువ్వుంటే సాలు” అంది. ఆలోచిస్తున్నాను.

ఇంకొకటి. దక్షిణామూర్తి మాస్టార్ని కలిశాను. వచ్చే నవమికి రాజు వేషం నాకు ఇమ్మని అడిగాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. “ఒక పద్యం చదువు” అన్నారు. చదివాను. కళ్ళు మూసుకుని విన్నారు. “గొంతు మారిందయ్యా నీది. మాఘమాసంలో రిహార్సల్సుకి రా, అప్పుడు చూద్దాం” అన్నారు.

ఇది నీకు ముందుగా నేనే చెప్పాలనిపించింది. ఎవరి నోటో వింటే నువ్వు నమ్మవు.

మన్మథరావు.


పాయకరావుపేట,
18-11-1978.

అన్నయ్యగారికి,

నమ్మాను. అన్నీ నమ్మాను. అందుకే ఇప్పుడు మొదటిసారి నమ్మకం పోయింది.

గుండెజబ్బు మనిషి కొబ్బరిబొండాలు తాగుతూ అరుగు మీద పడుకుంటే తగ్గిపోతుందా? నర్సీపట్నంలో తప్పేది గొలుగొండలో తప్పదా? ఆ ఊళ్ళో ముప్ఫైవేల మంది అదే పొగ పీలుస్తున్నారు. మీ ఒక్కరి గుండేనా దానికి దొరికింది? అన్నయ్యగారూ, మీ గురక ఎలాంటిదో ఈ గుండె తప్పడమూ అలాంటిదే. అప్పుడు మైకు ముందు పెట్టారు, ఇప్పుడు అత్తగారి ముందు పెట్టారు. ఇల్లరికం కావాలంటే నోరు తెరిచి అడగాలి. ఇంత నాటకం అక్కర్లేదు.

రాజు వేషం కూడా జాలితో సంపాదించారు. జబ్బు మనిషి, ఈ ఒక్క ఏడూ ఇద్దాం అనుకుని ఉంటారు మాస్టారు. సీతాలు ఏమందో తెలుసా? “బావకి ఆ కిరీటం బాగుంటాదండీ” అంది. పన్నెండేళ్ళుగా నేను పెట్టుకుంటున్న కిరీటం.

మీ గుండె గురించి ఇక నాకు రాయవద్దు.

లోవరాజు.


విశాఖపట్నం,
పెద్దాసుపత్రి,
8-2-1979.

లోవరాజుకి,

రాయవద్దన్నావు. తప్పలేదు.

నువ్వన్న మాటకి పౌరుషమొచ్చి, ఆ వారమే నర్సీపట్నం తిరిగొచ్చాను. ఇల్లరికం అనిపించుకుంటానా? షాపు తెరిచాను. మళ్ళీ మొదలైంది. ఈసారి మూడుకి ఒకటి కాదు, ఒకటి విడిచి ఒకటి.

మొన్న ఆదివారం మొదటి రిహార్సలు. గొలుగొండ స్కూలు వరండాలో జరిగింది. పద్యం ఎత్తాను. మొదటి రెండు పాదాలు, తమ్ముడూ, నువ్వు వింటే కుళ్ళి చచ్చేవాడివి. మూడో పాదం చివర రాగం పట్టుకుని నిలబడ్డాను. గుండె ఒకటి మింగింది. రెండోది కూడా మింగింది. మూడోది వస్తుందని ఎదురుచూశాను. కళ్ళు తెరిచేసరికి నేల మీద ఉన్నాను, మాస్టారు నా నెత్తిన నీళ్ళు పోస్తున్నారు. జనం ఇది కూడా నా పోకిరీ వేషమే అనుకుని కాసేపు నవ్వారట. లేవకపోయేసరికి ఆపారట.

ఇక్కడ కాగితం మీద గీతలు తీశారు. రక్తం తీశారు. రక్తంలో పొటాషియం అనే ఒక ఉప్పు ఉండాలట. నాకు అది అడుగంటిందట. అది లేకపోతే గుండె గాడి తప్పుతుందట. ఎందుకు తగ్గిందో డాక్టరుగారికి అంతుపట్టడం లేదు. నిన్న మంచం దగ్గర నిలబడి ఒక్కొక్కటీ అడిగాడు. విరేచనాలా? కాదు. నీళ్ళు పోయే మాత్రలా? కాదు. “ఏదైనా నాటుమందు, లేహ్యం, కషాయం, వేరు, ఏదైనా వాడుతున్నారా? నిజం చెప్పండి” అన్నాడు.

రాజులమ్మ పక్కనే ఉంది. దానికి తెలిస్తే సాయంత్రానికి అత్తకి తెలుస్తుంది, మర్నాటికి సీతాలుకి, ఆ పైన నీకు. “ఏమీ లేదండీ” అన్నాను.

నీకు మాత్రం చెబుతున్నాను. నీకు తెలియకూడదనే ఇన్నాళ్ళూ దాచాను, ఇప్పుడు నీకొక్కడికే చెబుతున్నాను. నా బతుకెలాంటిదో చూడు. ఆ వేరు మేకకి వేయలేదు. షాపుకి వచ్చే ఆయన ఎవరూ లేరు. నేనే. మే నెల నుంచి రోజూ పొద్దున్నే షాపులో స్టవ్వు మీద కషాయం కాచుకుంటున్నాను. నువ్వు గుప్పెడన్నావు. నువ్వన్న ఏడాది కంటే ముందే గొంతు రావాలని నేను రెండు గుప్పెళ్ళు వేశాను. పగలంతా బుగ్గన ముక్క. వేర్లు పంచర్ల డబ్బాలో దాచాను, ఇంటికి తీసుకెళ్ళలేదు. గొలుగొండలో అందరి ముందూ నమలలేక, అక్కడున్న నెల రోజులూ మానేశాను. అత్త చేతి కూడు అనుకున్నాను, గాలి అనుకున్నాను. ఈ మంచం మీద పడుకుని లెక్క చూసుకుంటే ఇప్పుడు తెలుస్తోంది.

నువ్వు నాటకమన్నావు. కాదు. రోజూ చచ్చిపోతానేమోనని భయపడ్డాను. అయినా ఆ డబ్బా మూత తీశాను. మూడు వన్స్‌మోర్లు చెవిలో వినిపిస్తుంటే మనిషి ఏదైనా నములుతాడు.

నేను రాసేది అందుకు కాదు. నువ్వూ రోజూ అదే తాగుతున్నావు కదా. ఎన్నేళ్ళుగానో తాగుతున్నావు. నీ గుండె ఎప్పుడైనా తప్పిందా? కాళ్ళు బరువెక్కుతున్నాయా? ఉంటే దాచకు. ఈ ఉత్తరం చూసిన పూటే మానేయి. గొంతు పోతే పోయింది. సీతాలుకి నువ్వు కావాలి.

మన్మథరావు.


పాయకరావుపేట,
10-2-1979.

అన్నయ్యా,

ఇప్పుడే మీ ఉత్తరం చదివాను. మా హెడ్మాస్టరుగారి తమ్ముడు ఈ మధ్యాహ్నం తునిలో రైలెక్కుతున్నాడు. అతని చేత ఇది పంపుతున్నాను. నాకు ఇవాళ సెలవు ఇవ్వనన్నారు. రేపు బయల్దేరుతాను. నేను వచ్చేదాకా ఆగకండి. ఈ కాగితం అందిన వెంటనే డాక్టరుగారి చేతిలో పెట్టండి. వదినగారు ఉన్నా సరే. అత్తగారు ఉన్నా సరే.

డాక్టరుగారూ, ఈయన తొమ్మిది నెలలుగా, మధ్యలో నెల రోజులు తప్ప, రోజూ రెండు గుప్పెళ్ళ అతిమధురం కషాయం తాగారు. ఆ కొలత చెప్పింది నేను.

అన్నయ్యా, నేను తాగను. ఎప్పుడూ తాగలేదు. ఆట రోజు ఒక పుల్ల నములుతాను, అంతే. గుప్పెడు అన్నది అబద్ధం. రోజూ అన్నది అబద్ధం. ఏడాది అన్నది అబద్ధం. మీ షాపుకి ఎవరూ రావడం లేదని, అడుగుతున్నది మీరేనని, ఆ ఉత్తరం చదివిన మొదటి నిమిషంలోనే నాకు తెలుసు. మీరు ఆ తీపి కషాయం తాగి వెక్కసపడి ఉమ్ముకుంటారని, నేను కూర్చుని నవ్వుకోవచ్చని రాశాను. జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క ఆకతాయి పని ఇది. నాకు అలవాటు లేదు. ఎక్కడ ఆపాలో తెలియలేదు.

సెప్టెంబరులో ఒకసారి అడిగాను. మేక అన్నారు. ఆ ‘మేక’ పట్టుకుని నిశ్చింతగా నిద్రపోయాను. అడిగినవాణ్ణి నిజం కూడా చెప్పి ఉండాల్సింది. చెబితే నేను చిన్నవాణ్ణి అయిపోతాను కదా.

ఎందుకు చేశానో రాయకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది. మూడు వన్స్‌మోర్లు, మూడు వన్స్‌మోర్లు అని మీరు రాస్తూ ఉంటారు. ఆ రాత్రి ఆట అయ్యాక జనం లేచి వెళ్తుంటే నేను తెర వెనక నిలబడి విన్నాను. ఒక్కడు నా పద్యం పాడుకుంటూ పోలేదు. నాలుగు వందల మంది మీ గురక పెట్టుకుంటూ ఇళ్ళకి పోయారు. మర్నాడు నా బళ్ళో పిల్లలు, అంత దూరాన పాయకరావుపేటలో, నేను ఎక్కాలు చెబుతుంటే గురక పెట్టారు. సీతాలు కాపురానికి వచ్చిన ఈ పన్నెండేళ్ళలో నా పాటకి ‘బాగుంది’ అంది. మీ మాటకి కడుపు పట్టుకుని నవ్వుతుంది. నవ్వీ నవ్వీ గోడకి చేరబడుతుంది. ఆ నవ్వు నేను ఒక్కసారీ తెప్పించలేకపోయాను. మీలా నోరు తెరవగానే నలుగురూ తిరిగి చూడాలని ఎన్నిసార్లు అద్దం ముందు నిలబడ్డానో మీకు తెలియదు. మీకు నా గొంతు కావాలి. నాకు మీరే కావాలి, మీలాగే పుట్టి ఉంటే బాగుండునని.

రాజు వేషం మీది. మాస్టారికి కూడా రాసేశాను.

నేను వచ్చేసరికి మీరు ఉండాలి.

లోవరాజు.


నర్సీపట్నం,
18-3-1979.

తమ్ముడు లోవరాజుకి మన్మథరావు రాస్తున్నది.

నువ్వు వెళ్ళిపోయి నెల దాటింది. గుండె తప్పలేదని రాయను. ఒకటీ అరా తప్పుతోంది. ఇంకో నెలకి అదీ పోతుందన్నారు. ఆ ఉప్పు మందు తాగుతున్నాను, తీపి లేని లోటంతా తీరిపోయేంత చేదుగా ఉంది. టీ మళ్ళీ నాలుగుకి పెంచాను. బస్సులు పొగ మానలేదు, నేనూ షాపు మానలేదు. పాపం ఆ బస్సుల్ని అనవసరంగా తిట్టాను.

నీకు తెలియని సంగతి ఒకటుంది. నువ్వు రాకముందు నీ ఉత్తరం డాక్టరుకి ఇచ్చాను కదా. ఆయన రెండో పేరా దాకా మనసులో చదివి, “సిస్టర్, దొరికింది!” అని కేకేశాడు. ఆ సంతోషంలో మిగిలింది బయటికే చదివేశాడు. నీ కుళ్ళంతా పద్దెనిమిది మంచాల వార్డు విన్నది. మీ వదిన విన్నది. ఆవేళే వచ్చిన అత్త కూడా విన్నది. విని, నా నెత్తిన ఒకటి మొట్టి, “ఒకడు పొగరుబోతు, ఒకడు ముంగి. నా కూతుళ్ళకి ఇలాటోళ్ళని ఏరి తెచ్చాడు మా మనిషి” అని చచ్చిపోయిన మామని తిట్టింది.

నాకు కోపం రావాలి. నా ప్రాణం మీదకి తెచ్చావు. కోపం కోసం వెతికాను. దొరికింది వేరే. ఎనిమిదో క్లాసు తప్పిన సైకిలు షాపువాణ్ణి చూసి, ట్రైనింగ్ అయిన మాస్టారు, పన్నెండేళ్ళ రాజు కుళ్ళుకుంటున్నాడు! ఆ సాయంత్రం నర్సు నాడి చూసి, “బాగుందే ఇవాళ” అంది. మందు వల్లనే అనుకుంది.

రాజు వేషం నాకు వద్దు. మాస్టారికి నేను రాసిన కార్డు నీ కార్డు కంటే ఒక రోజు ముందే చేరింది. జాలిపడి ఇస్తే పుచ్చుకునేది వేషం కాదు, ముష్టి. పైగా మొదటి రెండు పాదాలు బాగా వచ్చాయని మాస్టారే ఒప్పుకున్నారు. నాకు ఆ రెండు పాదాలు చాలు. మిగతా రెండూ నువ్వు పాడుకో. ఈ ఏడు నేను ఏ వేషమూ కట్టను, డాక్టరు వద్దన్నాడు. ముందు వరసలో కూర్చుంటాను. పద్యం బాగుంటే వన్స్‌మోర్ అంటానేమోనని ఆశపడకు. నా నోటితో అనను. పక్కవాడి చేత అనిపిస్తాను.

ఇంకొక్క మాట ఉంది. ఇన్నాళ్ళూ రాద్దామా వద్దా అని ఆగాను.

నువ్వు ఆసుపత్రికి వచ్చిన మూడు రోజులూ నా మంచం పక్క స్టూలు మీద కూర్చుని, చేతి గడియారం చూస్తూ నా మణికట్టు పట్టుకున్నావు. నర్సు చూస్తానన్నా వదల్లేదు. “ఇక్కడొకటి పోయింది, ఇక్కడొకటి పోయింది” అని కాగితం మీద గీతలు పెట్టావు. ఆ గీతలన్నీ డాక్టర్లు నా గుండె లెక్కలో వేశారు. నీ వేళ్ళు ఎంత వణికాయో నువ్వు చూసుకోలేదు. అందులో సగం తప్పులు నా నాడివి కావు, నీ చేతివి.

ఇది ఎవరికీ చెప్పకు. చెబితే మనిద్దరికీ పడుతుందనుకుంటారు.

మన్మథరావు.